కొండబాటకు చీపురొక్కటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

విశాఖ దగ్గరి ఒక కొండ మీద చెత్త ఏరుతున్న కుర్రాళ్ల ఫొటో మొన్న మీ జిల్లా పేజీలో చూశాను. ముచ్చటేసింది. వాళ్ల కాళ్ల కింద ఉన్న బాటను చూశాక మాత్రం మనసు చివుక్కుమంది. బాట మధ్యలో మోకాలి లోతు గాడి పడింది, వేర్లు పైకి తేలాయి. ఆ గాడిని తప్పించుకుంటూ జనం అటూ ఇటూ తొక్కిన చోట ఇంకో రెండు బాటలు పుట్టాయి. సీసాలు, కవర్లు ఏరేస్తే కొండ శుభ్రంగానే ఉంటుంది. ఇంకో నాలుగు వానాకాలాలు గడిస్తే నడవడానికి బాటే ఉండదు.

నేను నీటిపారుదల శాఖలో కాలువల మీద పనిచేసి రిటైరయ్యాను. నీళ్లు మట్టిని ఏం చేస్తాయో నాకొకరు చెప్పాలా అనుకునేవాణ్ణి. కిందటేడు అమ్మాయి దగ్గరికి సియాటెల్ వెళ్లినప్పుడు ఆ గర్వం కొంచెం దిగింది. ఇంట్లో బోర్ కొడుతోందని నేను సణుగుతుంటే పడలేక మా అల్లుడు వాషింగ్టన్ ట్రెయిల్స్ అసోసియేషన్ వాళ్ల దగ్గర నా పేరు రాయించాడు. 1993 నుంచి వాళ్లు వలంటీర్లతో కొండబాటలు బాగు చేయిస్తున్నారు. ఏమీ రాకపోయినా పర్వాలేదు, పనిముట్లూ హెల్మెటూ వాళ్లే ఇస్తారు. ముందు భద్రత, తర్వాత సరదా, ఆ తర్వాతే పని అని మొదట్లోనే చెప్పేస్తారు. మన సైట్ల మీద ఈ వరస ఎలా ఉంటుందో నేను రాయనక్కర్లేదు.

ఊరికి దగ్గర్లోనే ఉన్న టైగర్ మౌంటెన్ మీద పని. బృందం పెద్ద మా అమ్మాయి ఈడుది. పొద్దున్నే అరగంట సేపు పనిముట్ల గురించే చెప్పింది. పనిముట్టును భుజాన వేసుకోకూడదు, లోయ వైపు చేత్తో కిందికి పట్టుకుని నడవాలి. కాలు జారితే దాన్ని లోయలోకి వదిలేయొచ్చు, మన మీద పడదు. మన చెయ్యి, పనిముట్టు కలిపి ఎంత పొడవో అంత దూరంలో మరో మనిషి ఉండకూడదు. నాకిచ్చిన దాన్ని పులాస్కీ అంటారట. ఒక వైపు గొడ్డలి, రెండో వైపు తవ్వడానికి అడ్డంగా చిన్న పలక. 1910లో ఐడహో అడవులు తగలబడినప్పుడు తన మనుషుల్ని గని సొరంగంలోకి తోలి చాలామందిని బతికించిన అటవీ ఉద్యోగి ఎడ్ పులాస్కీ పేరు దానికి నిలిచింది. మన పలుగూ పారా ఎవరు కనిపెట్టారో మాత్రం పాపం ఎవరికీ తెలియదు.

నాకు అప్పగించింది నీళ్లు బయటికి పోయే చోటు ఒకటి. ఇదెంత పని అనుకుని పొలంలో బోదె తీసినట్టు చక్కగా, లోతుగా, అంచులు నిలువుగా చెక్కేశాను. ఆ అమ్మాయి వచ్చి చూసి నవ్వి, బాగుంది గానీ చీకట్లో వచ్చేవాడి కాలు విరుగుతుంది అంది. తర్వాత తన సీసాలో నీళ్లు తీసి కాలువలో పోసింది. బయటికి పోయే మూతి ఇరుకుగా ఉండటంతో నీళ్లు ఆకులూ పుల్లలూ లాక్కొచ్చి అక్కడే కుప్ప పోశాయి. ఒక్క గట్టి వాన పడితే అది పూడిపోతుంది, నీళ్లు మళ్లీ బాటే పడతాయి. కొండబాట మీద కాలువ అంటే కాలువలా కనపడకూడదట. పళ్లెంలా లోతు తక్కువగా, వెడల్పుగా పల్లం తీయాలి. మూతి మరీ వెడల్పుగా ఉండాలి. నడిచేవాడికి అక్కడ పల్లం ఉన్నట్టు తెలియకూడదు, నీళ్లకు మాత్రం తెలియాలి. ముప్పై ఏళ్లు నీళ్లను నిలవ చేసి మళ్లించిన వాణ్ణి, నీళ్లను మర్యాదగా సాగనంపడం అరవై రెండో ఏట నేర్చుకున్నాను.

మిగతావి చిన్నచిన్న సంగతులు. బాట లోయ వైపుకు కొద్దిగా వాలి ఉండాలి. నడిచి నడిచి అంచున గట్టు లేస్తుంది, దాన్ని చెక్కేస్తే నీళ్లు ఎక్కడికక్కడ పక్కకు దిగిపోతాయి. కుళ్లిన ఆకుల మట్టి తడి పట్టుకుని మెత్తబడుతుంది గనుక గుంటలు పూడ్చడానికి దాన్ని వాడకూడదు, అడుగున ఉండే గట్టి మట్టే వాడాలి. కొమ్మను మోడు మిగలకుండా మొదట్లో కొయ్యాలి, కోసిన మొదలు బాట వైపు కనపడకుండా తిప్పి పారేయాలి. ఇంకోటి విని నాకు నవ్వొచ్చింది. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని మనకు సామెత. అక్కడ తిరగేసి చెప్తారు. బురద వస్తే తప్పుకోవద్దు, తొక్కుకుంటూ మధ్యలోంచే వెళ్లండి, పక్కనుంచి పోతే బాట వెడల్పై పక్క మొక్కలు చస్తాయి అని.

అమెరికా భజన చేయడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. 14 రాష్ట్రాల మీదుగా దాదాపు 3,500 కిలోమీటర్లు సాగే అక్కడి కొండబాట అపలేచియన్ ట్రెయిల్‌ను ఎక్కువగా వలంటీర్ల క్లబ్బులే కాపాడుకొస్తున్నాయంటే, ఇది డబ్బుతో కంటే అలవాటుతో జరిగే పని అని చెప్పడానికే రాస్తున్నాను. పైగా మన కొండలకు ఈ అవసరం ఇంకా ఎక్కువ. భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బలు చూసినవాళ్లకు వాన నీళ్లు ఎర్రనేలను ఎలా కోస్తాయో తెలుసు. ఒకే రోజు కుమ్మేసే తుపాను వానలు మనవి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు కొండల మీద చెట్లు ఎన్ని కూలాయో ఊరంతా చూసింది. బాటకు అడ్డంగా పడ్డ చెట్టును తీయకపోతే జనం చుట్టూ తిరిగి పోతారు, ఆ చుట్టుదారే కొత్త గాడి అవుతుంది.

బాట పాడైందంటే మనకు తోచే మందు సిమెంటు. మెట్లు కట్టించడం పుణ్యమని నమ్మే జనం మనం. గుడి మెట్లకు నేను అడ్డు చెప్పను. అడవిలో నడిచే బాటకు కూడా కాంక్రీటు పోస్తే నీళ్లు దాని అంచు కిందికి దూరి మట్టిని లాగేస్తాయి. నాలుగేళ్లకు పలకలు గాల్లో వేలాడతాయి. నా సర్వీసులో కాలువలకు వేసిన అలాంటి సిమెంటు లైనింగులు ఎన్ని చూశానో లెక్కలేదు.

తిరిగొచ్చాక ఆగలేక, పార పట్టుకుని మా మార్నింగ్ వాక్ మిత్రులతో బయల్దేరబోయాను. ఒక మిత్రుడు ఆపాడు, మంచిపని చేశాడు. కంబాలకొండ లాంటి అభయారణ్యంలో అనుమతి లేకుండా చెయ్యి పెడితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. ఒప్పుకోకూడదు కూడా. పని తెలియని చేతిలో కొడవలి పెడితే బాట కంటే ముందు అడవి పోతుంది. సంబంధిత ఆఫీసుకు వెళ్లి అడిగితే చెత్త ఏరడానికైతే ఎప్పుడైనా రండి సార్ అన్నారు. బాట పని అంటే ఏ ఫైల్లో పెట్టాలో వాళ్లకూ తెలియలేదు. వాళ్లను తప్పుపట్టను, అలా అడిగినవాళ్లు అంతకుముందు లేరట.

అందుకే మీ పత్రిక ద్వారా అటవీ శాఖను అడుగుతున్నాను. ఇప్పటికే జనాన్ని నడవనిస్తున్న బాటల్లో ఏడాదికి రెండు ఆదివారాలు కేటాయించండి. జూన్ వానలకు ముందు ఒకటి, నవంబరు తుపాన్లు తగ్గాక ఒకటి. బీట్ ఆఫీసర్ దగ్గరుండాలి. ఆ కొండ చుట్టుపక్కల వన సంరక్షణ సమితి, అంటే అడవిని కాపాడే ఊరివాళ్ల సంఘం, ఉంటే అందులోని వాళ్లే మాకు పని నేర్పాలి, అందుకు వాళ్లకు కూలి ఇవ్వాలి. మేము ఉచితంగా వస్తున్నాం కదా అని వాళ్ల పని దినాలు కోయకూడదు. పశువుల వెంట కొండెక్కి దిగేవాళ్లు నిట్టనిలువుగా పోరు, ఓరగా పోతారు. ఏ పుస్తకం చదవకుండానే వాళ్లకు ఈ విద్య సగం వచ్చు.

చెత్త ఏరుతున్న ఆ కుర్రాళ్లు కూడా వస్తే మాకు బరువులు తగ్గుతాయి. మా వాకింగ్ బృందంలో పదకొండు మంది పేర్లిచ్చారు, అందులో ఇద్దరికి మోకాళ్ల నొప్పులు కాబట్టి వాళ్లకు కొమ్మలు ఏరే పని. పారలు, పలుగులు మావే తెచ్చుకుంటాం. రావలసింది అనుమతి కాగితం ఒక్కటే.

ఇట్లు,
మీ పాఠకుడు, విశ్రాంత నీటిపారుదల ఉద్యోగి,
మాధవధార, విశాఖపట్నం