ముద్రణ చిత్రం నకలు కాదు

ప్రదర్శనశాలల్లో ముద్రణ చిత్రాల పక్కన అవి ఎలా తయారయ్యాయో తెలుగులో ఒక్క ముక్క కూడా రాయకపోవడం వల్ల గొప్ప కళను జనం ఫొటో కాపీ అనుకుని దాటిపోతున్నారు. చిత్రకారుడు కె. లక్ష్మా గౌడ్ ఎచింగ్‌లు, అంటే లోహపు రేకు మీద ఆమ్లంతో గీతలు తొలిచి కాగితం మీద అచ్చు తీసిన బొమ్మలు, పెట్టిన ఒకచోట ‘మరి అసలు బొమ్మ ఎక్కడుంది?’ అని సందర్శకులు అడుగుతుంటే విన్నాను. జవాబు చెప్పేవారు లేరు. చీటీ మీద పేరు, సంవత్సరం, అదీ ఇంగ్లిష్‌లోనే. 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన ఆయన, బరోడాలో చదువుకుని, చిన్ననాడు చూసిన పల్లె మనుషుల్ని, మేకల్ని, చెట్లను లోహపు రేకుల మీదికి తెచ్చారు. రేకుకు మైనం లాంటి పూత పూసి, సూదితో గీసి, ఆమ్లంలో ముంచితే గీసిన చోటే లోహం కరుగుతుంది. ఎక్కువసేపు ఉంచితే గీత లోతుగా, ముదురుగా వస్తుంది. అంచనా తప్పితే పనంతా పాడైనట్టే. తర్వాత ఆ గీతల గాడుల్లో ఇంకు నింపి, పైపైన తుడిచి, తడి కాగితం పరిచి ప్రెస్‌లో నొక్కుతారు. కింద పెన్సిల్‌తో 7/25 అని ఉంటే ఆ రేకు నుంచి తీసిన ఇరవై ఐదు అచ్చుల్లో ఏడోదని అర్థం, ప్రతిదీ అసలుదే. మన ఊళ్ల జ్ఞాపకాలను మన ఊళ్లవాళ్లే గుర్తుపట్టలేకపోవడం నాకు చాలా బాధగా ఉంది. నిర్వాహకులు ప్రతి చిత్రానికీ తెలుగు చీటీ పెట్టాలి, వీలైతే పక్కనే ఒక రేకును కూడా ఉంచాలి. ఫైన్ ఆర్ట్స్ కళాశాలలు నెలకో రోజు బడిపిల్లల్ని పిలిచి ప్రెస్ పనిచేసే తీరు చూపించాలి. ఆ ఖర్చును రాష్ట్ర సాంస్కృతిక శాఖ భరించాలి.