థియేటర్ బయట కూర్చున్నవాళ్లకూ చెప్పండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. తిరుపతిలో గుండె ఆపరేషన్ ఇప్పుడు వింతేమీ కాదు. స్విమ్స్ ఆసుపత్రి 1993 నుంచి నడుస్తోంది. చిన్నపిల్లల గుండె జబ్బుల కోసమే టీటీడీ 2021 అక్టోబరులో శ్రీ పద్మావతి హృదయాలయం తెరిచింది. ప్రైవేటు ఆసుపత్రులు సరేసరి. ఒకప్పుడు గుండె అనగానే మద్రాసుకో వేలూరుకో బయల్దేరిన పీలేరు, పలమనేరు, శ్రీకాళహస్తి వాళ్లు ఇప్పుడు ఇక్కడికే వస్తున్నారు. చాలా సంతోషం. గుండె ఆపరేషన్ థియేటర్‌లో నర్సుగా పనిచేసి రిటైరైనదాన్ని కాబట్టి, నన్ను ఎప్పటినుంచో తొలుస్తున్న ఒక విషయం మీ పత్రిక ద్వారా చెప్పాలనుకుంటున్నాను. పేషెంటుకు మత్తు ఇచ్చాక లోపల అనుకోనిది బయటపడితే ఏం చేయాలో ఇంటివాళ్లతో ముందుగా మాట్లాడేవాళ్లు తక్కువ. అనుకోనిది జరిగిపోయాక కూర్చోబెట్టి చెప్పేవాళ్లు ఇంకా తక్కువ.

మత్తు డాక్టరంటే సూది వేసి వెళ్లిపోతారని చాలామంది అనుకుంటారు. గుండె ఆపరేషన్‌లో ఆయన మొదటి నిమిషం నుంచి ఐసీయూలో అప్పగించేదాకా పేషెంటు తలదగ్గరే ఉంటారు. పేషెంటు నిద్రలోకి జారాక వేలెడు లావున్న గొట్టాన్ని నోటి గుండా అన్నవాహికలోకి దింపి, గుండె వెనకవైపు నుంచి ఎకో తీస్తారు. దీన్నే టీఈఈ అంటారు. ఛాతీ మీద పెట్టి తీసే ఎకోకు పక్కటెముకలూ ఊపిరితిత్తులూ అడ్డం వస్తాయి. దీనికి ఆ ఇబ్బంది లేదు. అందుకే వార్డులో తీసిన రిపోర్టులో లేనివి ఇక్కడ కనబడుతుంటాయి. బైపాస్ కోసం వచ్చిన మనిషికి వాల్వు, అంటే గుండె కవాటం, లీకు తేలొచ్చు. గుండె పై గదిని కర్ణిక అంటారు. ఎడమ కర్ణిక మూలలో రక్తపు గడ్డ దాగి ఉండొచ్చు. తల్లి కడుపులో ఉండగా అందరికీ కర్ణికల మధ్య చిన్న దారి ఉంటుంది. అది సుమారు నలుగురిలో ఒకరికి పెద్దయ్యాక కూడా పూర్తిగా మూసుకుపోదు. చాలామందికి ఆ సంగతి థియేటర్‌లోనే బయటపడుతుంది. వేరే ఆపరేషన్ మధ్యలో దాన్ని మూయాలా, వదిలేయాలా అన్నదానిపై డాక్టర్లలోనే ఒక్క మాట లేదు.

నేను దగ్గరుండి చూసినది ఒకటి చెబుతాను. ఒక పాపకు గుండెలో చిల్లు మూయడానికి అంతా సిద్ధమైంది. గుండె వెనక ఉండే ఒక రక్తనాళం ఉండాల్సినదానికన్నా బాగా లావుగా ఉందని మత్తు డాక్టరమ్మ గమనించారు. సెలైన్‌ను రెండు సిరంజిల మధ్య అటూ ఇటూ తోసి నురగ చేయించి, పాప ఎడమ చేతి నరంలోకి ఎక్కించమన్నారు. తెర మీద తెల్లటి బుడగలు కుడి కర్ణికలో కాకుండా ముందు ఆ లావుపాటి నాళంలో మెరిశాయి. గుండెకు రక్తం తెచ్చే పెద్ద నాళం ఎడమవైపు మరొకటి ఉందన్నమాట. మామూలు జనంలో వెయ్యిమందికి ముగ్గురు నుంచి ఐదుగురిలో ఇది ఉంటుంది. పుట్టుకతో గుండె జబ్బున్న పిల్లల్లో ఇంకా ఎక్కువ. ఆపరేషన్‌లో గుండె పని చూసే పంపుకు రక్తం మళ్లించే ట్యూబులు పెట్టే తీరును సర్జన్ గారు అప్పటికప్పుడు మార్చుకున్నారు. ఆపరేషన్ చక్కగా జరిగింది. ఆ డాక్టరమ్మ చూపును నేను ఇప్పటికీ మెచ్చుకుంటాను. కానీ పాప తల్లిదండ్రులకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. డిశ్చార్జ్ కాగితంలోనూ ఒక్క ముక్క రాయలేదు. రేపు పెద్దయ్యాక ఆ పిల్లకు ఎడమవైపు నుంచి పేస్‌మేకర్ వైరు వేయాల్సి వస్తే, ఆ డాక్టరు మళ్లీ మొదటినుంచి వెతుక్కోవాలి.

ఇంకొకటి మరీ బాధ కలిగించింది. పలమనేరు దగ్గర పల్లె నుంచి వచ్చిన ఒకామె భర్తకు బైపాస్. మత్తులో బీపీ తగ్గుతుంది కాబట్టి గుండె ఎడమవైపు గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వు లీకు మామూలుగా ఉన్నదానికన్నా తక్కువగానే కనబడుతుంది. ఆయనకు మత్తులో కూడా పెద్దగా కనబడింది. అంటే వదిలేసేది కాదు. ఒక జూనియర్ డాక్టరు కాగితం పట్టుకుని తలుపు దగ్గరికి వెళ్లి, వాల్వు కూడా మార్చాలి, సంతకం పెట్టమన్నారు. "మార్చకపోతే ఏమైతుంది సామీ?" అని ఆమె అడిగింది. "టైం లేదమ్మా, పెట్టు" అన్నదే జవాబు. మెటల్ వాల్వు వేస్తే జీవితాంతం రక్తం పలచబడే మాత్రలు వేసుకోవాలని, రక్తం ఎంత పలచబడిందో చూసే పీటీ ఐఎన్ఆర్ పరీక్ష కోసం తిరుగుతూనే ఉండాలని ఆమెకు ఆ క్షణంలో ఎవరు చెప్పాలి? జంతువుల కణజాలంతో చేసే టిష్యూ వాల్వు అనేది ఇంకొకటి ఉందని ఎవరు చెప్పాలి? ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద అనుమతి వచ్చింది బైపాస్‌కు కదా, మిగతా డబ్బు మా మీద పడుతుందేమోనన్న టెన్షన్ ఆమెకు వేరే. లోపల నిజంగానే టైం లేదు, ఒప్పుకుంటాను. ముందురోజు సాయంత్రం మాత్రం బోలెడంత టైం ఉంది. గుండెపోటు వచ్చినవాళ్లకు ఆ వాల్వు లీకవ్వొచ్చని డాక్టర్లకు తెలియనిదేమీ కాదు.

ఈ విషయంలో సుప్రీంకోర్టు 2008లోనే సమీరా కోహ్లీ కేసులో స్పష్టంగా చెప్పింది. ఒక చికిత్సకు ఇచ్చిన అంగీకారం ఇంకో చికిత్సకు చెల్లదు. ప్రాణం కాపాడటానికో, ఆరోగ్యం దెబ్బతినకుండా చూడటానికో తప్పనిసరై, మెలకువ వచ్చేదాకా ఆగడం సబబు కాదనుకుంటేనే మినహాయింపు. ముందే ఊహించగలిగిన వాటికి ముందుగానే కలిపి అంగీకారం తీసుకోవచ్చని కూడా అదే తీర్పులో ఉంది. అంటే దారి ఉంది. వాడుకోవడం లేదంతే.

ఇక అనుకోనివి జరిగే సంగతి. పంపు నడిచేటప్పుడు రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు. పంపు ఆపాక దానికి విరుగుడుగా ప్రొటమిన్ ఇస్తారు. ఎంత నిదానంగా ఎక్కించినా కొందరికి బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. ఐసీయూలో రెండోరోజో మూడోరోజో గుండె లయ తప్పడం చాలామందిలో చూస్తాం. వయసు మళ్లినవాళ్లు కొన్నాళ్లు కన్నకొడుకునే గుర్తుపట్టక ఏదేదో మాట్లాడతారు. చాలామందిలో అది తగ్గిపోతుంది. ముందుగా ఒక్క మాట చెప్పి ఉంటే ఆ కొడుకు "మా నాయనకు పిచ్చెక్కించినారు" అని వరండాలో ఏడవడు. జరిగింది చెబితే గొడవ చేస్తారు, కొడతారు, కేసు వేస్తారు అని డాక్టర్లు భయపడతారు. దాడులు జరుగుతున్న మాట నిజం, అవి క్షమించరానివి. కానీ నేను చూసినంతలో, లోపల ఏదో దాచారన్న అనుమానం వచ్చినప్పుడే బంధువులు కేకలు మొదలుపెడతారు. మన ప్రాంతం జనం మొక్కు మొక్కుకుని, భారం ఏడుకొండలవాడి మీద వేసి వస్తారు. వాళ్లు అడగడం లేదు కదా అని చెప్పకుండా ఊరుకోవడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఇంటివాళ్లూ చెప్పాల్సినవి ఉన్నాయి. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు ఆపరేషన్‌కు కనీసం మూడు రోజుల ముందు ఆపకపోతే, షుగర్ మామూలుగా ఉన్నట్టు కనబడుతూనే రక్తంలో ఆమ్లం పెరిగిపోవచ్చు. ఎన్‌పీహెచ్ రకం ఇన్సులిన్‌లో కూడా ప్రొటమిన్ ఉంటుంది కాబట్టి అది వాడేవాళ్లకు ప్రొటమిన్ పడకపోయే అవకాశం కొంచెం ఎక్కువ. ఇంట్లో ఎవరికైనా మత్తు ఇచ్చాక చాలాసేపు ఊపిరి అందుకోక వెంటిలేటర్ మీద ఉంచారా అన్నదీ ముఖ్యమే. మత్తులో కండరాలను సడలించడానికి ఇచ్చే స్కోలిన్ అనే మందు ఒంట్లో త్వరగా కరగని లక్షణం వైశ్య కుటుంబాల్లో కొందరికి వంశపారంపర్యంగా వస్తుందని మత్తు డాక్టర్లకు బాగా తెలుసు. వాళ్లు అడిగేదాకా ఆగకుండా మనమే చెబితే మంచిది.

గుండె ఆపరేషన్లు చేసే ప్రతి ఆసుపత్రికీ, ఆరోగ్య శాఖ అధికారులకూ నా విన్నపం. ముందురోజు మత్తు డాక్టరు గారు పేషెంటుతో, ఇంటివాళ్లలో ఒకరితో పావుగంట తెలుగులో మాట్లాడాలి. "లోపల ఇంకేదైనా కనబడితే ఏం చేయమంటారు?" అన్న ప్రశ్న అంగీకార పత్రంలోనే ఉండాలి. ప్లాను మారితే బయటికి వచ్చి చెప్పే పెద్ద డాక్టరు ఎవరో ముందే తెలియాలి. పథకం తరఫున ఆసుపత్రిలో ఉండే ఆరోగ్య మిత్రలను కూడా ఆ సమయంలో పక్కన ఉంచవచ్చు. ఇంటికి పంపేరోజు, థియేటర్‌లో కొత్తగా ఏం కనబడిందో, ఏం మారిందో తెలుగులో నాలుగు వాక్యాలు రాసి ఇవ్వాలి. మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో కేసు కాగితాలు ఇవ్వాల్సిందే. అడగడం తెలియని మనిషికి అవి అడగకుండానే అందాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ థియేటర్ నర్సు,
తిరుపతి