కదలని ట్రాక్టర్‌ని చైను కట్టి లాగొద్దు

సంపాదకులకు నమస్కారం.

రోహిణి కార్తె నడుస్తోంది. మృగశిరలో నాలుగు చినుకులు పడితే ఏరువాకే. ఏళ్ల తరబడి షెడ్డుల్లో, చెట్ల కింద ఉండిపోయిన పాత ట్రాక్టర్లని జనం బయటికి లాగేది ఈ పది పదిహేను రోజుల్లోనే. ఆ లాగడం గురించే ఈ ఉత్తరం. దయచేసి కొంచెం పెద్దదైనా వేయండి.

నాది ఖమ్మం జిల్లా మధిర మండలంలో ఒక పల్లె. నాలుగున్నర ఎకరాలు, అందులో మిర్చి, వరి. మా నాన్న 1994లో బ్యాంకు లోను పెట్టి మాస్సీ 1035 ట్రాక్టర్ కొన్నారు. మా చదువులు, నా పెళ్లి, తమ్ముడి హైదరాబాదు ఖర్చులు అన్నీ ఆ బండి సంపాదనే. 2019లో నాన్న పోయారు. ఆయన చివరిసారి దుక్కి నుంచి వచ్చి షెడ్డులో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి దిగారు. ఆ తర్వాత ఆరేళ్లు ఎవరూ ముట్టుకోలేదు. అమ్మ మాత్రం శుక్రవారం శుక్రవారం బానెట్ మీద దుమ్ము తుడిచి బొట్టు పెట్టేది.

పోయినేడాది ఇదే రోజుల్లో పాత ఇనుము కొనే అతను వచ్చాడు. 45 వేలు ఇస్తానన్నాడు. "పాత బండ్లన్నీ గవర్నమెంటే తీసుకుపోతుందమ్మా, పదేళ్లు దాటితే స్క్రాపే, తర్వాత ఈ డబ్బులు కూడా రావు" అన్నాడు. తమ్ముడు ఫోన్లో సరే అన్నాడు. అమ్మ ఏమీ మాట్లాడలేదు, లేచి లోపలికి వెళ్లిపోయింది. నాకు అది తట్టుకోవడం కష్టమైంది.

ముందు ఆ మాట సంగతి తేల్చి చెబుతాను, ఎందుకంటే మా చుట్టుపక్కల కనీసం ముగ్గురు ఆ భయంతోనే బండ్లు తూకానికి అమ్మేశారు. వ్యవసాయ ట్రాక్టర్‌కి రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్లు. ఆ తర్వాత ఐదేళ్ల చొప్పున రెన్యువల్ చేయించుకోవచ్చు. పదేళ్లకే తుక్కు చెయ్యాలన్న ప్రచారం అబద్ధమని 2023లో కేంద్ర రవాణా శాఖే ప్రకటన ఇచ్చింది. 2021లో వచ్చిన స్క్రాప్ పాలసీలో కూడా ఫలానా వయసు దాటిన ట్రాక్టర్‌ని తుక్కు చేసి తీరాలని లేదు.

బండిని అమ్మేది లేదని నేనన్నాను. ఉంచుకుంటున్నాం కాబట్టి దాన్ని కదిలించాలి. మా పెదనాన్న కొడుకు తన కొత్త ట్రాక్టర్ తెచ్చాడు, అది 50 హార్స్‌పవర్ బండి. హ్యాండ్‌బ్రేక్ వదిలి, మా బండి ముందు భాగానికి చైను చుట్టి, రెండో కొస ఆయన బండి వెనక పైన ఉండే టాప్ లింకు దగ్గర తగిలించాడు. అక్కడైతే చేతికి అందుతుంది, వంగక్కర్లేదు. అందరం అలాగే చేస్తాం. నేనూ పక్కనే నిలబడి ఉన్నాను, తప్పని తెలీదు.

మొదటి గుంజుకి మా బండి ఎడమ చక్రం తిరిగింది. కుడి చక్రం తిరగలేదు, షెడ్డు నేలని నాగలిలాగా చీల్చుకుంటూ రెండు మూరలు ఈడ్చుకొచ్చి ఆగిపోయింది. అన్నయ్య ఇంకొంచెం యాక్సిలరేటర్ ఇచ్చాడు. అప్పుడు ఆయన ట్రాక్టర్ ముందు చక్రాలు రెండూ గాల్లోకి లేచాయి. నా మోకాలి ఎత్తుకి లేవడం నా కళ్లతో చూశాను. అమ్మ కేక పెట్టింది. అన్నయ్య కాలు క్లచ్ మీద పడింది కాబట్టి ముందు చక్రాలు దబ్బున కిందికి దిగాయి. ఆ రాత్రి అన్నయ్య అన్నం తినలేదని వదిన చెప్పింది. ఇద్దరు చిన్నపిల్లలున్న మనిషి ఆయన.

ఎందుకలా లేచిందో తర్వాత మా ట్రాక్టర్ మెకానిక్ మేస్త్రీ గారు మట్టిలో పుల్లతో గీసి చూపించారు. చైను ఎత్తులో కడితే బరువు వెనక ఇరుసు కన్నా పైనుంచి వెనక్కి గుంజుతుంది. వెనక చక్రం ముందుకి కదలడానికి వీల్లేనప్పుడు ఇంజన్ బలం ఎటు పోవాలి? చక్రాన్ని తిప్పలేక బండినే చక్రం చుట్టూ తిప్పుతుంది. ముందు భాగం లేచి డ్రైవర్ మీదికి వెనక్కి తిరగబడుతుంది. అది మొదలయ్యాక ముగియడానికి సెకను, సెకనున్నర కన్నా పట్టదు, దూకే టైము ఉండదు. లాగక తప్పని పరిస్థితి వస్తే చైను ఎప్పుడూ ఇరుసు కన్నా కిందున్న డ్రాబార్‌కే (బరువులు లాగే కడ్డీకే) కట్టాలి. లో గేర్‌లో, గుంజకుండా మెల్లగా బిగుతు తీసుకోవాలి. చైను తెగితే అది కొరడాలా వెనక్కి వస్తుంది కాబట్టి ఆ దారిలో మనిషన్నవాడు ఉండకూడదు. అసలు చక్రం పట్టేసిన బండిని లాగడమే తప్పని ఆయన గట్టిగా చెప్పారు.

మేస్త్రీ గారికి డెబ్బై దాటాయి. నాన్న బండి కొన్నప్పటి నుంచి చూసింది ఆయనే. సైకిల్ మీద వచ్చి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, "అమ్మాయ్, బండి కదలట్లేదని కాదు, ఏది పట్టుకుందో ముందు అడుగు" అన్నారు. ఆ అడగడం ఎలాగో నేర్పారు, అది ప్రతి రైతుకీ తెలియాలి. మెయిన్ గేరు, హై లో గేరు రెండూ న్యూట్రల్‌లో పెట్టాలి. నేల మీదుండే చక్రాలకి ముందూ వెనకా రాళ్లు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వదలాలి. వెనక ఒక పక్క జాకీతో లేపి, కింద గట్టి చెక్క దిమ్మె పెట్టి, చక్రాన్ని చేత్తో తిప్పి చూడాలి. తర్వాత రెండో పక్క. మాకు ఎడమది తిరిగింది, కుడిది అంగుళం కూడా తిరగలేదు. అంటే కుడి బ్రేకు పట్టేసింది. రెండు పక్కలా లేపినప్పుడు ఒక చక్రం తిప్పితే రెండోది ఎదురు దిక్కుకి తిరుగుతోందనుకోండి, బ్రేకులు రెండూ మంచివే. అయినా బండి దొర్లకపోతే గేర్‌బాక్సులో ఏదో పట్టేసిందని అర్థం.

కుడి పక్కే ఎందుకంటే షెడ్డు రేకు ఒకటి అటువైపు ఎగిరిపోయింది. ఆరు వానాకాలాల నీళ్లు ఆ చక్రం మీదే కారాయి. ఆరేళ్లూ హ్యాండ్‌బ్రేక్ వేసే ఉంది కాబట్టి బ్రేక్ షూలు, అంటే చక్రాన్ని ఆపే వంపు ముక్కలు, చక్రంతో పాటు తిరిగే ఇనుప డ్రమ్ముని లోపలి నుంచి గట్టిగా పట్టుకుని ఉన్నాయి. అలాగే తుప్పుతో అతుక్కుపోయాయి.

మాది పాత రకం డ్రమ్ము బ్రేకు. చక్రం ఊడదీయడానికి ముగ్గురు మనుషులు పట్టారు. డ్రమ్ముకి రెండు స్క్రూలు ఉంటాయి. వాటి తలల మీద సుత్తితో ఒక్కో దెబ్బ వేసి తిప్పితే వదిలాయి. ఆ తర్వాత మేస్త్రీ గారు షూల బిగువు సరిచేసే అడ్జస్టర్‌ని వెనక్కి తిప్పి వదులు చేశారు. అది చేస్తేనే షూలు లోపలికి ముడుచుకుంటాయట. చెయ్యకుండా బాదితే డ్రమ్ము పగులుతుంది, అది పోత ఇనుము. డీజిల్లో కొంచెం ఇంజన్ ఆయిల్ కలిపి డ్రమ్ము అంచు చుట్టూ సీసాతో పోసి, "ఇవాళ్టికి చాలు" అని సైకిలెక్కి వెళ్లిపోయారు. తుప్పులోకి నూనె దిగడానికి టైము కావాలి.

మూడు రోజులు సాయంత్రం నూనె పోయడం, పొద్దున్నే డ్రమ్ము చుట్టూ చిన్న చిన్న దెబ్బలు వెయ్యడం నా పని. మొదటిరోజు ఏ పక్క కొట్టినా దబ్ దబ్ అని మట్టికుండ మీద కొట్టినట్టు మూగ శబ్దం. రెండోరోజు పైవైపు మాత్రం కొంచెం మారింది. మూడోరోజు పొద్దున ఒక దెబ్బకి ఠంగ్ అని గుడిగంటలా మోగింది. మేస్త్రీ గారికి ఫోన్ చేసి ఆ శబ్దమే వినిపించాను. "వదిలిందమ్మా, ఇంక కొట్టకు, వస్తున్నా" అన్నారు. ఆయన వచ్చి రెండు చేతులతో అటూ ఇటూ ఆడిస్తే డ్రమ్ము చేతుల్లోకి వచ్చేసింది. లోపలంతా ఎర్రటి పొడి, తడి ఇటుక నూరినట్టు.

ఆ పొడిని నోటితో ఊదబోతే ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు. షూల మీదుండే పాత బ్రేక్ లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ (రాతినార) ఉండేది, ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతే చాలా ప్రమాదం. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని కవర్లో కట్టి పారెయ్యాలి. మన మెకానిక్ షాపుల్లో పిల్లలు కంప్రెసర్ గాలితో ఊదేస్తుంటారు. వాళ్లకి ఎవరైనా చెబితే బాగుండు.

మిగతా పని త్వరగానే అయింది. షూలకి కొత్త లైనింగులు వేయించాం, ఆయిళ్లు మార్చాం, పాత డీజిల్ తీసేశాం, కొత్త బ్యాటరీ పెట్టాం. మొత్తం కలిపి 11 వేలు దాటలేదు. ఎయిర్ క్లీనర్ పైపులో కందిరీగ కట్టిన మట్టిగూడు దొరికింది. ఇంజన్ మాత్రం పట్టెయ్యలేదు. నాన్న ఎప్పుడు బండి ఆపినా సైలెన్సర్ మీద కొబ్బరిచిప్ప బోర్లించేవారు. ఆరేళ్లూ ఆ చిప్ప అక్కడే ఉంది, ఒక్క చుక్క నీరు ఇంజన్లోకి దిగలేదు.

మాదొక్కటే కాదు, మా ఊళ్లోనే ఇంకో ఇంట్లో హెచ్‌ఎంటీ 3511 రెండేళ్లుగా కదలట్లేదు. ఆ కంపెనీ ట్రాక్టర్ల విభాగం 2016లో మూసేశారు, పార్టులు దొరకవని దాన్నీ తూకానికి పెట్టారు. మేస్త్రీ గారు వెళ్లి చూస్తే గేరు రాడ్డు మొన గాడి తప్పి రెండు గేర్లు ఒకేసారి పడి ఉన్నాయి. అలా పడితే గేర్‌బాక్సు తాళం వేసినట్టే. పైమూత విప్పి, ఒక గేరుని రాడ్డుతో న్యూట్రల్లోకి నెట్టారు. ఒక్క పార్టు కూడా కొనలేదు.

2024 సెప్టెంబరులో మున్నేరు పొంగినప్పుడు ఖమ్మం చుట్టుపక్కల నీళ్లలో మునిగిన బండ్లు ఇంకా కొన్ని అలాగే ఉన్నాయి. వాటి సొంతదారులకి ఒక్క మాట. స్టార్ట్ చెయ్యకండి, లాగకండి. నీళ్లు నూనె కన్నా బరువు, అడుగునే ఉంటాయి. ఇంజన్, గేర్‌బాక్సుల అడుగున నూనె దించే డ్రెయిన్ బోల్టు మెల్లగా వదులు చేస్తే మొదట నీళ్లే వస్తాయి. వచ్చిన నూనె మజ్జిగలా తెల్లగా ఉంటే మొత్తం తీసేసి, కడిగి, కొత్తది పోసుకోవాలి.

ఇవన్నీ ఒక ముసలాయన చెబితే నాకు తెలిశాయి. ఆయన దగ్గర పని నేర్చుకునే కుర్రాడు ఒక్కడూ లేడు. ఐటీఐల్లో ట్రాక్టర్ మెకానిక్ కోర్సు ఉంది. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో రైతులకి యంత్రాల శిక్షణ ఇచ్చే కేంద్ర సంస్థ ఉంది, కానీ మధిర నుంచి అక్కడికి వెళ్లి రాగలిగే సన్నకారు రైతు ఎవరు? ప్రతి వేసవిలో, మిర్చి సీజన్ అయిపోయి మార్కెట్ యార్డులు ఖాళీ అయ్యాక, ఒక్కరోజు ఐటీఐ పిల్లల్నీ, ఇలాంటి పెద్ద మేస్త్రీలనీ మండల కేంద్రంలో కూర్చోబెట్టమని వ్యవసాయ శాఖ అధికారుల్ని చేతులెత్తి అడుగుతున్నాను. మేస్త్రీలకి ఆ రోజు కూలి ఇవ్వండి. మీ పత్రిక వ్యవసాయ పేజీలో కొత్త యంత్రాల సబ్సిడీ వార్తలు వస్తాయి, మంచిదే. పాత బండిని బాగు చేసుకునే సంగతులకి కూడా వారానికి అరపేజీ ఇవ్వండి.

ఈ వానాకాలం బండి పక్కన పెట్టబోయేవాళ్లు హ్యాండ్‌బ్రేక్ వెయ్యకండి. చదును నేల మీద ఆపి చక్రాలకి రాళ్లు పెట్టండి. క్లచ్ పెడల్‌ని పూర్తిగా తొక్కి కర్రముక్క అడ్డం పెడితే ప్లేటు అతుక్కోదు. నెలకొకసారి రెండు గజాలు ముందుకీ వెనక్కీ నడపండి. సైలెన్సర్ మీద కొబ్బరిచిప్ప పెట్టండి.

మా బండి నిన్న రెండెకరాలు దున్నింది. అన్నయ్యే నడిపాడు, నేను గట్టు మీద కూర్చున్నాను. టూల్‌బాక్సులో నాన్న చిన్న నోటుబుక్కు దొరికింది, ఎవరి పొలం ఎన్ని గంటలు దున్నారో అందులో పెన్సిల్‌తో రాసుకున్నారు. చివరి పేజీ సగం ఖాళీగా ఉంది. నిన్నటి గంటలు దాని కిందే రాశాను.

ఇట్లు,
ఒక రైతు కూతురు,
మధిర మండలం, ఖమ్మం జిల్లా.