పేరు చెప్పని ఆ మిత్రుడికి కృతజ్ఞతలు

మూతపడిన ఓ చిన్న వీడియో పంపిణీ సంస్థ తాలూకు వీహెచ్‌ఎస్ (పాత వీడియో టేపు) క్యాసెట్లను బతికించే పద్ధతి ఓపిగ్గా రాసి పంపిన మీకు మా అందరి కృతజ్ఞతలు. బూజు పట్టిన టేపును నేరుగా వీసీఆర్‌లో (క్యాసెట్ ఆడించే యంత్రంలో) పెట్టొద్దన్న మీ మొదటి మాటే అందులో టేపును చదివే హెడ్లను కాపాడింది. బూజు తడిగా ఉండగా తుడిస్తే పాముకుంటుంది. అందుకే ముందు పొడిగదిలో ఆరబెట్టి, మాస్కు కట్టుకుని తుడిచాం. క్యాసెట్ డబ్బా అడుగున 5 స్క్రూలు విప్పి, టేపు దారి ఫొటో తీసుకున్నాకే రీళ్లను మంచి డబ్బాలోకి మార్చాం. మూత స్ప్రింగు ఎగురుతుందన్నారు, ఎగిరింది కూడా!

అమ్ముడుపోని క్యాసెట్లను దుకాణాలు తిప్పి పంపితే నష్టం పంపిణీదారుదేననీ, డీవీడీ వచ్చాక ఆ వాపసులే గోదాములో గుట్టలయ్యాయనీ మీరు రాసిన నాలుగు ముక్కలు లెక్కల పుస్తకం కన్నా సూటిగా ఉన్నాయి.