వంత కుదిరిన పాట

ట్రాయ్, మిషిగన్

నాన్నా,

బీపీ మాత్రలు మానకుండా వేసుకుంటున్నావని అమ్మ చెప్పింది, మనసు కుదుటపడింది. ఇక్కడ చలి మొదలైంది. పిల్లలు బాగున్నారు.

శనివారం డెట్రాయిట్‌లో మోటౌన్ అనే పాటల కంపెనీ వాళ్లు పాటలు రికార్డు చేసిన పాత ఇంటికి వెళ్లాం. ఇప్పుడది మ్యూజియం. వచ్చిన దగ్గర్నుంచీ ఒక్క పాటే వింటున్నాను, వింటున్నంతసేపూ నువ్వే గుర్తొస్తున్నావు.

'బ్లోయిన్ ఇన్ ద విండ్' అని, అమెరికా గాయకుడు బాబ్ డిలన్ పాట. 1963లో అతని ఆల్బంలో వచ్చింది. ఒక గిటారు, ఒక హార్మోనికా, ఒక్క గొంతు. ప్రశ్న మీద ప్రశ్న అడుగుతాడు కానీ గొంతు పెంచడు. రికార్డు చేసేనాటికి అతనికి 21 ఏళ్లే, అయినా అరుగు మీద ఒంటరిగా తత్వం పాడుకునే ముసలాయన్ని విన్నట్టుంటుంది.

1966లో స్టీవీ వండర్ అనే నల్లజాతి కుర్రాడు అదే పాట మోటౌన్‌కి పాడాడు. ఆ ఏడే 16 నిండాయి. డ్రమ్స్, బేస్ పాటను నడిపిస్తుంటే పక్కన అతని పాటల నిర్మాత క్లారెన్స్ పాల్ గొంతు కలుపుతాడు. అది అచ్చం వంతే నాన్నా! పొన్నెకల్లు నాజర్ గారి బుర్రకథ విని వచ్చి, మన ఊరి దళంలో నువ్వు గుమ్మెట వాయిస్తూ 'తందాన తాన' అందుకునేవాడివే, అలాగే. ఒక్కడి ప్రశ్న కాస్తా ఊరందరి ప్రశ్న అయిపోతుంది. మాట మాటా తెలియాలంటే డిలన్‌దే వినాలి, స్టీవీ పాటలో కొన్ని మాటలు లయలో మునిగిపోతాయి. కానీ చూసీ చూడనట్టు తల తిప్పుకునే మనిషి గురించి ఒక చరణం ఉంది. పసికందుగానే చూపు పోయిన కుర్రాడు ఆ మాట అడుగుతుంటే నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

ఇంకొకటి. ఆ బాణీ 'నో మోర్ ఆక్షన్ బ్లాక్' అనే పాట నుంచి వచ్చిందని డిలనే చెప్పాడు. ఇక మమ్మల్ని వేలం వేయలేరని, బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతివాళ్లు పాడుకున్న పాట అది. అందుకే స్టీవీది కవర్, అంటే వేరొకరి పాట మళ్లీ పాడటం, అంటే ఒప్పుకోబుద్ధి కాదు. ఆ పాట ఆడపిల్లలా పుట్టింటికి వచ్చినట్టుంది.

అమ్మ నాట్లలో పాడే పాటని నువ్వు కథలోకి తెచ్చుకున్నావు కదా. ముందు అమ్మ చేత పాడించి, తర్వాత నువ్వు పాడి, రెండూ ఫోన్‌లో రికార్డు చేసి పంపు. అటక మీది గుమ్మెట తమ్ముడి చేత దింపించు, నువ్వు నిచ్చెన ఎక్కొద్దు.

నీ
పెద్దోడు