కండెమ్ చేసే ముందు ర్యామ్ తీసి వాడుకోనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అప్పటి నుంచి ప్రభుత్వ బడుల్లో, ఆఫీసుల్లో పాత డెస్క్‌టాప్‌లు ఇక పనికిరావన్న మాట ఎక్కువగా వినిపిస్తోంది. ఖమ్మంలో కంప్యూటర్ సర్వీసింగ్ షాపు నడిపే నేను అధికారులను అడిగేది ఒక్కటే. కండెమ్ చేసి తుక్కుకు పంపే సిస్టమ్‌లలోంచి ర్యామ్ (సిస్టమ్ పనిచేసేటప్పుడు సమాచారం పట్టి ఉంచే మెమరీ ముక్క) తీసి, పనిచేస్తున్న వాటిలో వేసుకోవడానికి హెచ్ఎంలకు, ఆఫీసు అధికారులకు రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి.

నేను చూసిన బడి ల్యాబుల్లో కథ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. అన్నీ ఒకే టెండర్‌లో వచ్చిన సిస్టమ్‌లు. ఒక్కోదాంట్లో 4 జీబీ ర్యామ్ స్టిక్ ఒకటి, పక్కన ఖాళీ స్లాట్ ఒకటి. కరెంటు హెచ్చుతగ్గులకు కొన్నింటి ఎస్ఎంపీఎస్ (లోపల కరెంటు అందించే పెట్టె) లేదా మదర్‌బోర్డు పోయి మూలన పడి ఉంటాయి. మిగిలినవి ఆన్ అవుతాయి గానీ బ్రౌజర్‌లో నాలుగు ట్యాబ్‌లు తెరిస్తే బిగుసుకుపోతాయి. ర్యామ్ చాలనప్పుడు సిస్టమ్ ఆ లోటును హార్డ్ డిస్క్‌తో పూడ్చుకుంటుంది. డిస్క్‌కు అంత వేగం లేదు. పిల్లలు మౌస్ పట్టుకుని ఎదురుచూస్తుంటారు, పీరియడ్ అయిపోతుంది.

మూలన పడ్డ సిస్టమ్‌లో బోర్డు పోయినా ర్యామ్ చాలావరకు బాగానే ఉంటుంది. పైగా అది అదే బ్యాచ్‌ది కాబట్టి రకం, స్పీడు సాధారణంగా ఒకటే. దాన్ని తీసి ఎరేజర్‌తో పిన్నులు తుడిచి, పక్క సిస్టమ్ ఖాళీ స్లాట్‌లో నొక్కితే 8 జీబీ అవుతుంది. రెండూ ఒకేలాంటివి కనుక, బోర్డుకు ఆ సౌకర్యం ఉంటే డ్యుయల్ చానల్‌లో, అంటే రెండూ ఒకేసారి పనిచేస్తూ వేగంగా నడుస్తాయి. బజారులో వెతికినా ఇంత చక్కగా కలిసే జత దొరకడం కష్టం. ఇక్కడ పైసా ఖర్చు లేదు. మెమ్‌టెస్ట్ అనే ర్యామ్ పరీక్షించే ప్రోగ్రామ్ పెట్టి ఒక రాత్రి వదిలేస్తే స్టిక్ మంచిదో కాదో తేలిపోతుంది.

మరి ఎందుకు చేయరు? స్టాక్ రిజిస్టర్ భయం. అందులో ‘డెస్క్‌టాప్’ అని ఒక్క ముక్కే రాసి ఉంటుంది. లోపలి భాగం తీస్తే రేపు ఆడిట్‌లో జవాబు చెప్పేదెవరని హెచ్ఎంలు అడుగుతారు. వాళ్లను తప్పుపట్టలేం. తీయొచ్చో కూడదో పైనుంచి ఎవరూ తేల్చి చెప్పరు. చివరికి వేలంలో డబ్బాతో పాటు ర్యామ్ కూడా పోతుంది. డేటా బయటికి పోతుందని కొందరు అధికారులు వెనకాడతారు. ఆ అనుమానం హార్డ్ డిస్క్ విషయంలో సబబే. ర్యామ్‌లో మాత్రం పవర్ తీసేశాక ఏమీ మిగలదు.

కొత్తగా కొన్నప్పుడూ అంతే. ఇండెంట్‌లో (కావాల్సిన సామాను కోరే కాగితంలో) ‘8 జీబీ ర్యామ్’ అని మాత్రమే రాస్తారు. డీడీఆర్3 (ర్యామ్‌లో పాత తరం) బోర్డుకు డీడీఆర్4 (దాని తర్వాతి తరం) స్టిక్ తెస్తే గాటు దగ్గరే ఆగిపోతుంది. బలవంతంగా నొక్కితే స్లాట్ విరుగుతుంది. పుస్తకమంత చిన్న డెస్క్‌టాప్‌లు చాలావాటికి ల్యాప్‌టాప్ సైజు ర్యామే పడుతుంది. చవగ్గా వస్తుందని సర్వర్‌లలో వాడే ‘రిజిస్టర్డ్’ అనే రకం ర్యామ్ తెచ్చేవాళ్లూ ఉన్నారు, అది మామూలు బోర్డులో పనిచేయదు. ఇంకో సంగతి, 32 బిట్ విండోస్ ఉన్న సిస్టమ్‌లో 8 జీబీ వేసినా 4 జీబీకి మించి వాడుకోదు. అలాగని కంపెనీ పేరు కూడా ఒకటే ఉండి తీరాలని పట్టుబట్టడం నా దృష్టిలో చాదస్తం. 2666 స్పీడు స్టిక్, 2400 స్పీడు స్టిక్ కలిపితే సాధారణంగా రెండూ 2400 మీద నడుస్తాయి, బడి పనికి అది చాలు. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివర్లో మెమరీ ధరలు బాగా పెరిగాయి. తప్పు స్టిక్ కొంటే నష్టం కూడా అంత ఎక్కువ.

ర్యామ్ వేస్తే పాత సిస్టమ్ కొత్తదైపోతుందని నేను అనను. ఇంటెల్ 8వ తరం కంటే పాత ప్రాసెసర్లను, ఏవో కొన్నింటిని మినహాయిస్తే, విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. కానీ బడిలో విండోసే ఉండాలన్న నియమం ఎక్కడుంది? కేరళ ప్రభుత్వ బడుల్లో అక్కడి ప్రభుత్వ విద్యా సాంకేతిక సంస్థ కైట్ ఉబుంటు (ఒక రకం లినక్స్) ఆధారంగా తయారుచేసిన లినక్స్‌ను విండోస్‌కు బదులు వాడుతున్నారు. 8 జీబీ ర్యామ్, ఒక చిన్న ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కన్నా వేగమైన డిస్క్) ఉంటే మన పాత సిస్టమ్‌లు కూడా అలా నడుస్తాయి. డీడీఆర్2 కాలం నాటి వాటిని మాత్రం మొహమాటం లేకుండా రిజిస్టర్డ్ రీసైక్లర్‌కు ఇచ్చేయాలి.

కాబట్టి రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలు ఒక సర్క్యులర్ ఇస్తే చాలు. ఏ సిస్టమ్ నుంచి తీశారు, ఏ సిస్టమ్‌లో వేశారు, స్టిక్ మీది సీరియల్ నంబర్ ఎంత అన్నవి స్టాక్ రిజిస్టర్‌లో రాసి హెచ్ఎం, కంప్యూటర్ టీచర్ సంతకాలు చేస్తే ఆడిట్‌కు సరిపోయేలా చూడాలి. కొనాల్సి వస్తే ఇండెంట్‌లో సిస్టమ్ మోడల్, ర్యామ్ రకం, ఖాళీ స్లాట్ల సంఖ్య తప్పనిసరి చేయాలి. వేసవి సెలవుల్లో ల్యాబులు ఎలాగూ ఖాళీగానే ఉంటాయి. ఏప్రిల్‌లోపు ఆదేశాలు వస్తే జూన్‌లో బడి తెరిచేలోగా ఈ పని పూర్తవుతుంది.

– ఒక కంప్యూటర్ మెకానిక్, ఖమ్మం