పవర్‌బాల్ తగిలితే చేతికెంత?

కావలి

చిరంజీవి చిన్నాకి నాన్న ఆశీర్వదించి రాసేది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. మీ ముగ్గురి క్షేమం తరచూ తెలుపుతూ ఉండు.

ఆఫీసులో మీరు నలుగురు తలా పది డాలర్లు వేసుకుని పవర్‌బాల్ లాటరీ టిక్కెట్లు కొంటున్నామని ఫోన్లో చెప్పావు. "తగిలితే చేతికెంత వస్తుంది నాన్నా, ఒకేసారి తీసుకోవాలా, వాయిదాల్లోనా?" అని అడిగావు. ఫోన్లో చెప్తే సగం గాలికి పోతుంది. ఉద్యోగమంతా బ్యాంకులో వడ్డీలు, టీడీఎస్‌లు చూసినవాణ్ణి కాబట్టి వివరంగా రాస్తున్నాను. కోడలి చేత కూడా చదివించు.

ముందు బోర్డు మీద కనిపించే అంకె సంగతి. 2022 నవంబరులో కాలిఫోర్నియాలో ఒకే టిక్కెట్టుకు 204 కోట్ల డాలర్ల జాక్‌పాట్ తగిలింది. ఇప్పటికీ అదే రికార్డు. కానీ ఆ 204 కోట్లు అప్పటికి ఎక్కడా పోగై లేవు. జాక్‌పాట్ కింద ఉన్న నగదు 99.76 కోట్ల డాలర్లు మాత్రమే. దాన్ని అమెరికా ప్రభుత్వ బాండ్లలో పెట్టి, 29 ఏళ్ల పాటు 30 వాయిదాల్లో ఇచ్చుకుంటూ పోతే, వడ్డీతో కలిపి మొత్తం 204 అవుతుంది. ఆ మొత్తాన్నే పెద్ద అక్షరాలతో చూపిస్తారు. వడ్డీ రేట్లు పెరిగితే, లోపలున్న నగదు అంతే ఉన్నా పైకి చూపించే అంకె పెరుగుతుంది. వాయిదాలు కూడా సమానంగా ఉండవు, ఏడాదికేడాది 5 శాతం పెరుగుతాయి. నేను లెక్క వేసి చూశాను. 204 కోట్లకు మొదటి వాయిదా సుమారు 3.07 కోట్ల డాలర్లు, ఆఖరిది 12.6 కోట్లు. గెలిచినవాళ్లు మధ్యలో పోతే మిగిలిన వాయిదాలు వారసులకు వెళ్తాయి.

ఇది మన చీటీ పాట లాంటిదే. మీ బాబాయి ట్రంకు రోడ్డులోని చిట్ ఆఫీసులో 5 లక్షల చీటీ వేశాడు గుర్తుందా, నెలకు పదివేలు, యాభై నెలలు. రెండో నెలలోనే రొయ్యల గుంటకు ఏరియేటర్లు కావాల్సొచ్చింది. ఆ రోజు నేనూ పక్కనే కూర్చున్నాను. పాట ముప్పై వేల దగ్గర మొదలై, నలభై, యాభై అని మెల్లగా పాకుతోంది. మీ బాబాయి ఒక్కసారిగా లక్షన్నర అనేశాడు. హాల్లో ఇంక ఎవరూ నోరెత్తలేదు. 5 లక్షల చీటీకి మూడున్నర లక్షలు చేతికి తెచ్చుకున్నాడు. చివరిదాకా ఆగినవాళ్లు కమిషన్ పోను మొత్తం తీసుకున్నారు. అంతమాత్రాన మీ బాబాయి మోసపోయినట్టు కాదు. ఆ డబ్బు ఆ నెలలో కావాలి, ముందు తీసుకున్నందుకు తరుగు ఇచ్చాడు. లంప్‌సమ్‌గా, అంటే ఒకేసారి తీసుకునేవాళ్లు వదులుకునేది కూడా ఆ తరుగే. అందుకని "సగం ప్రభుత్వం మింగేస్తుంది" అని మీ ఫ్రెండ్ అన్న మాట సరికాదు. ఆ సగం పన్ను కాదు, ఇంకా రాని వడ్డీ. పన్ను ఆ తర్వాత మొదలవుతుంది.

ఇప్పుడు పన్ను. 5,000 డాలర్లు దాటిన లాటరీ బహుమతి మీద ఇచ్చేటప్పుడే 24 శాతం ఫెడరల్ పన్ను పట్టుకుంటారు. నువ్వు హెచ్1బీ మీద ఉన్నా, ఏళ్ల తరబడి అక్కడే ఉంటున్నావు కాబట్టి పన్ను విషయంలో రెసిడెంట్‌వే, నీకూ ఆ 24 శాతమే. అయితే పన్ను అంతటితో తీరిపోదు. 2025 లెక్కల ప్రకారం భార్యాభర్తలు కలిసి రిటర్న్ వేస్తే 7,51,600 డాలర్లు దాటిన ఆదాయం మీద 37 శాతం. పట్టుకున్న 24కీ, కట్టాల్సిన 37కీ మధ్యనున్న 13 శాతం నువ్వే కట్టాలి. అది ఏప్రిల్ 15 దాకా ఆగి కట్టొచ్చా, మధ్యలోనే ఎస్టిమేటెడ్ టాక్స్ (ముందస్తు పన్ను) కింద కట్టాలా అన్నది అక్కడి సీపీఏని (పన్ను లెక్కలు చూసే అకౌంటెంటుని) అడుగు. జాక్‌పాట్ డబ్బులో 13 శాతమంటే చిన్న మొత్తం కాదు. డబ్బు అందిన రోజే దాన్ని వేరే ఖాతాలోకి మార్చి, అది మనది కాదనుకోవాలి. ఆ 99.76 కోట్ల మీద చూస్తే, మొదట పట్టుకున్నాక 75.8 కోట్లు ఉంటాయి, పూర్తి పన్ను కట్టాక 63 కోట్లకు కాస్త లోపు. పైన చూపించిన అంకెలో మూడో వంతు కూడా లేదు.

రాష్ట్రాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది. మీరుండే టెక్సస్‌లో ఆదాయపు పన్ను లేదు కాబట్టి మీకు ఆ బాధ లేదు. కాలిఫోర్నియా తన లాటరీ బహుమతుల మీద పన్ను వేయదు. న్యూయార్క్‌లో రాష్ట్ర పన్ను గరిష్ఠంగా 10.9 శాతం, న్యూయార్క్ సిటీలో ఉండేవాళ్లకు దాని మీద ఇంకో 3.876. న్యూజెర్సీలో గరిష్ఠం 10.75. పండక్కి అక్కావాళ్లింటికి ఎడిసన్ వెళ్లినప్పుడు అక్కడ టిక్కెట్టు కొని, అది తగిలిందనుకో, మీ ఇల్లు డాలస్‌లో ఉన్నా న్యూజెర్సీ తన పన్ను తీసుకుంటుంది. టిక్కెట్టు ఎక్కడ కొన్నామన్నది కూడా లెక్కే.

మన దేశంలో సంగతి నీకు తెలియనిది కాదు, పోల్చుకోవడానికి చెప్తున్నాను. మన రాష్ట్రంలో లాటరీ అమ్మకమే లేదు. కేరళలో ప్రభుత్వమే 1967 నుంచి ఒక శాఖ పెట్టి నడుపుతోంది. 2022 ఓణం బంపర్ 25 కోట్లు. అందులో ఏజెంట్ కమిషన్ 10 శాతం, అంటే రెండున్నర కోట్లు తీసేస్తారు. మిగిలిన 22.5 మీద 30 శాతం టీడీఎస్ 6.75 పోతే 15.75 కోట్లు. అప్పటి 37 శాతం సర్‌చార్జి, 4 శాతం సెస్సు కట్టేసరికి 12.88 దగ్గర నిలుస్తుంది. కొత్త పన్ను విధానంలో ఇప్పుడు సర్‌చార్జి 25 శాతం దాటదు. స్లాబులు, మినహాయింపులు ఏవీ వర్తించవు, టిక్కెట్టు ఖరీదు కూడా ఖర్చు కింద చూపించుకోలేం.

ఇంక అసలు ప్రశ్న, ఒకేసారా, వాయిదాలా. ఇక్కడ మన ఊళ్లో ఎవరైనా అడిగితే నేను వాయిదాలే అంటాను. పెద్ద మొత్తం ఒక్కసారిగా వచ్చిన ఇంట్లో దాన్ని నిలబెట్టుకోవడం ఎంత కష్టమో బ్యాంకు కౌంటర్‌లో కూర్చుని చూశాను. భూసేకరణ పరిహారం వచ్చిన కుటుంబాలు ఎఫ్‌డీ వేసి, ఆరు నెలల్లో దాని మీదే లోన్ అడగడానికి వచ్చేవి. ఒకరికి పెళ్లి, ఒకరికి కారు, ఒకరికి వ్యాపారం. చెడు అలవాట్లు లేని మంచి మనుషులే, కాదనలేక ఇచ్చేసుకున్నారు. ఏటా కొంత వస్తే ఈ ఏడు పోయినా వచ్చే ఏడు ఉంటుంది.

నీకు మాత్రం ఒకేసారి తీసుకోమనే చెప్తాను. నువ్వు ఇంకా గ్రీన్‌కార్డు లేనివాడివి. కోటీశ్వరుడివైనా నీ వీసా ఉద్యోగం మీదే నిలబడి ఉంటుంది. డబ్బొచ్చింది కదా అని ఉద్యోగం మానేస్తే 60 రోజుల గడువులో వేరే దారి చూసుకోవాలి, లేదంటే దేశం వదలాలి. లాటరీ తగిలిందని ఎవరూ వీసా ఇవ్వరు. ఇక మీరు ఇక్కడికి వచ్చేశారనుకో. అమెరికా దృష్టిలో నాన్ రెసిడెంట్ అయిన రోజు నుంచి ప్రతి వాయిదాలో 30 శాతం అక్కడే పట్టుకుంటారు. ఇక్కడేమో తిరిగొచ్చిన మొదట్లో కొంత వెసులుబాటు ఉన్నా, మామూలు రెసిడెంట్ అయ్యాక ఏ దేశపు ఆదాయమైనా చూపించాల్సిందే. అక్కడ కట్టిన పన్నును రెండు దేశాల ఒప్పందం కింద సర్దుబాటు అడగొచ్చు, కానీ ఆ కాగితాలతో 29 ఏళ్లు ఏటా తిరగాలి. ఒకేసారి తీసుకుంటే, నువ్వు అక్కడ ఉండగానే ఒక్క ఏడాదిలో ఒక్క దేశానికి పన్ను కట్టేసి తేలిపోతావు. ఆ తర్వాత ఎక్కడ ఉండాలన్నది డబ్బుతో పని లేకుండా మీ ఇద్దరి ఇష్టం. మేం రమ్మని పట్టుబట్టడం లేదు నాయనా, రావాలనిపించిన రోజు అడ్డేదీ ఉండకూడదనే నా తాపత్రయం. ఒకేసారా, వాయిదాలా అన్నది ఎప్పటిలోపు చెప్పాలో అక్కడి లాటరీ వాళ్ల దగ్గర ముందే కనుక్కో. చెప్పాక మార్చుకోవడం కుదరదు.

మాకు పంపాలనుకుంటే, కొడుకు తల్లిదండ్రులకు ఇచ్చినదానికి ఇక్కడ మా మీద పన్ను లేదు, ఎంతైనా సరే. దాని మీద వచ్చే వడ్డీకి మాత్రం ఉంటుంది. అక్కడి వైపు 2025లో మనిషికి ఏడాదికి 19,000 డాలర్లు దాటితే గిఫ్ట్ టాక్స్ లెక్కలోకి వస్తుంది, సీపీఏని అడిగి పంపు. ఇంకొకటి, ఈసారి మేం అక్కడికి వచ్చినప్పుడు సరదాకైనా అమ్మ చేత టిక్కెట్టు కొనిపించకు. అక్కడ 30 శాతం పట్టుకుంటారు, ఇక్కడ రెసిడెంట్లం కాబట్టి మళ్లీ చూపించుకోవాలి, ఈ వయసులో మాకెందుకా టెన్షన్. ఇక్కడ కూర్చుని ఆన్‌లైన్‌లో కొనడమైతే చట్టమే ఒప్పుకోదు. లాటరీ టిక్కెట్ల కోసం విదేశాలకు డబ్బు పంపడం ఫెమా (విదేశీ మారక చట్టం) నిబంధనల్లో నిషేధం. మీ మామయ్యకు ఫేస్‌బుక్‌లో పవర్‌బాల్ ప్రకటన వచ్చిందట, ఇదే చెప్పి ఆపాను.

ఈ సంగతి నువ్వు కూడా మీ మామయ్యకు ఒకసారి ఫోన్ చేసి చెప్పు, నీ మాట వింటాడు. నిజమైన లాటరీలో పన్నును బహుమతిలోంచే కోసుకుని మిగతాది ఇస్తారు. "ముందు పన్ను కట్టండి, తర్వాత డబ్బు వేస్తాం" అన్నాడంటే వాడు దొంగే. టీవీ క్విజ్ ప్రోగ్రాం పేరు చెప్పి పాతిక లక్షలు తగిలాయని వాట్సాప్‌లో మెసేజీలు పెట్టేవాళ్లు అడిగేది ఈ పన్నే. మన వీధిలో ఒకామె గాజులు కుదువ పెట్టి మరీ కట్టింది. పాపం ఆమె ఆశపడింది డబ్బుకు కాదు, కూతురి నర్సింగ్ ఫీజుకు.

తగలడం సంగతి కూడా చెప్పాలి. పవర్‌బాల్ జాక్‌పాట్‌కు అవకాశం 29.22 కోట్లలో ఒకటి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్ర, తమిళనాడు, కర్ణాటక, కేరళ నాలుగూ కలిపి 25 కోట్ల చిల్లర. వాళ్లందరి చేతిలో తలా ఒక టిక్కెట్టు, ఒక్కోటి ఒక్కో నంబరుతో పెట్టినా, ఇంకా నాలుగు కోట్ల నంబర్లు మిగిలిపోతాయి. పది డాలర్లు పోతే పోయాయనుకుని ఆడితే నాకు అభ్యంతరం లేదు. జాక్‌పాట్ పెరిగిన వారాల్లో వంద, రెండొందలు వేయొద్దు. ఇండియాలో ఇల్లు కొన్న లోన్ ఇంకా నడుస్తోంది.

నాకు ఎక్కువ భయం మీ నలుగురి విషయంలోనే. మంచి స్నేహితులే, కాదనను. ఇప్పుడు మీరు టిక్కెట్టు ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు కొంటున్నారు, డబ్బు తర్వాత పంపుకుంటున్నారు. ఒకడు లీవులో ఉండి ఆ వారం పది డాలర్లు వేయలేదనుకో, ఆ వారమే తగిలితే అతనికి వాటా ఉందా లేదా? నువ్వు సొంతంగా ఇంకో టిక్కెట్టు కొన్నావనుకో, తగిలింది నీదా, నలుగురిదా? అక్కడ ఇలాంటి తగాదాలు చాలా కోర్టుకెక్కాయి. అందుకని ఒక కాగితం రాసుకోండి. అందులో నలుగురి పేర్లు, ఒక్కొక్కరి వాటా, డబ్బు వేయని వారం వాటా ఉండదన్న మాట, సొంత టిక్కెట్లు వేరన్న మాట, ఒకేసారా వాయిదాలా అన్నది ఎలా తేల్చుకుంటారో, అన్నీ రాసి నలుగురూ సంతకాలు పెట్టండి. డ్రాకు ముందే టిక్కెట్టు ఫోటో తీసి గ్రూపులో పెట్టాలి.

తగిలితే ఒక్కరే వెళ్లి మొత్తం తన పేరున తీసుకోవడం అసలు వద్దు. అలా చేస్తే పన్నంతా ఆ ఒక్కరి నెత్తిన పడుతుంది. మిగతా ముగ్గురికి పంచినది బహుమానమా, వాటానా అని ఐఆర్‌ఎస్‌కు (అక్కడి పన్నుల శాఖకు) రుజువు చేసుకోవాలి. దీనికోసమే ఫారం 5754 ఉంది. అందులో నలుగురి పేర్లు, సోషల్ సెక్యూరిటీ నంబర్లు, వాటాలు రాసిస్తే ఎవరి డబ్ల్యూ-2జీ (గెలిచిన మొత్తం, పట్టుకున్న పన్ను చూపించే పత్రం) వాళ్ల పేరున వస్తుంది, ఎవరి పన్ను వాళ్లు కట్టుకుంటారు. టెక్సస్‌లో డ్రా రోజు నుంచి 180 రోజుల్లో క్లెయిమ్ చేయాలి, కాబట్టి లాయరును, సీపీఏని కలవడానికి బోలెడు టైముంది, ఆ రాత్రే పరుగెత్తక్కర్లేదు. పది లక్షల డాలర్లు, ఆపైన గెలిచినవాళ్లు అక్కడ పేరు బయటపెట్టొద్దని అడగొచ్చు. తప్పకుండా అడగండి. ఆ కేరళ బంపర్ గెలిచిన మనిషి, సాయం అడగడానికి వచ్చేవాళ్ల తాకిడికి సొంత ఇంట్లో ఉండలేకపోతున్నానని వారం తిరక్కముందే వార్తల్లో వాపోయాడు.

కాగితం తెలుగులోనో ఇంగ్లీషులోనో ముందు ఒక చిత్తు రాసి నాకు పంపు. చదివి, ఏదైనా సందు మిగిలి ఉంటే చెప్తాను. ఈ వారం డబ్బు వేసేలోపు అది అయిపోవాలి.

అమ్మ ఎండు రొయ్యలు, నిమ్మకాయ ఊరగాయ కట్టి పెట్టింది. వచ్చే నెల మన వీధి వాళ్లబ్బాయి డాలస్ వస్తున్నాడు, అతనితో పంపుతాం. పాప దగ్గు తగ్గిందో లేదో రాయి.

ఆశీస్సులతో,
నాన్న